అమ్మ తర్వాత నాన్న వంతు

ప్రార్థనలో నేను కళ్ళు మూసుకోను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, సండే స్కూల్లో నా పక్కన కూర్చున్న స్నేహితురాలికి చెప్పలేదు, రోజూ ఏదో ఒకటి రాసుకునే నా డైరీలో కూడా రాయలేదు. తల వంచుతాను, చున్నీ నెత్తిమీదికి లాక్కుంటాను, చేతులు కట్టుకుంటాను. కళ్ళు మాత్రం తెరిచే ఉంటాయి. భక్తి లేక కాదు. పగలంతా గట్టిగా బిగుసుకుని ఉండే ముఖాలు దేవుడితో మాట్లాడేటప్పుడు ఎంత మెత్తబడతాయో చిన్నప్పుడే ఒకసారి చూశాను. ఆ తర్వాత చూడకుండా ఉండలేకపోయాను.

మా ఊరు మైపాడుకు దగ్గర్లోనే ఉంది. ఊళ్ళో సగం మంది పడవల మీద బతుకుతారు, మిగతా సగం మంది పడవలు తెచ్చిన చేపల మీద బతుకుతారు. నాన్న ఐసు ఫ్యాక్టరీలో ఆపరేటరు. అమ్మ అంగన్‌వాడీలో ఆయా. ఇంట్లో మేం ముగ్గురమే. నేను నెల్లూరులో డిగ్రీ పూర్తి చేసి, ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నానని చెబుతూ, ఎక్కువగా లైబ్రరీ నుంచి తెచ్చిన కథల పుస్తకాలు చదువుతూ ఇంట్లో ఉంటున్నాను.

మా ఇంట్లో సాయంకాలం కుటుంబ ప్రార్థన తప్పదు. పొయ్యి మీద అన్నం దించాక, కంచాలు పెట్టకముందు, అమ్మ ముందు గదిలో చాప పరుస్తుంది. ఒక కీర్తన పాడతాం. నేను బైబిల్లో ఒక భాగం చదువుతాను. తర్వాత వంతులవారీగా ప్రార్థన. చిన్నవాళ్ళు ముందు కాబట్టి మొదట నేను. నాకు నలుగురిలో నోరు పెగలదు. నలుగురిలో అన్నాను గాని, అమ్మానాన్నల ముందు కూడా అంతే. అందుకని ప్రభువు నేర్పిన ప్రార్థనను ఒక్క గుక్కలో అప్పజెప్పి ఊరుకుంటాను. నా తర్వాత అమ్మ. అమ్మ తర్వాత నాన్న వంతు. ఇంటి యజమాని కాబట్టి ముగింపు ఆయనదే.

అసలు సంగతి అమ్మ ప్రార్థనలో ఉండేది. మా అమ్మ ఉప్పు గురించి, చేపల గురించి, కరెంటు బిల్లు గురించి నాన్నతో మామూలుగానే మాట్లాడుతుంది. మనసులో గుచ్చుకుంటున్నది మాత్రం ఆయన ముఖం చూసి చెప్పలేదు. నాన్నా అంతే. ఇద్దరూ తల వంచి, కళ్ళు మూసుకుని, మధ్యలో దేవుణ్ణి కూర్చోబెట్టుకున్న తర్వాతే ఒకరికొకరు చెప్పుకోగలిగేవారు.

"దయగల తండ్రీ, బజారుకు పోయే మనిషికి చెప్పిన వస్తువు మర్చిపోకుండా మంచి జ్ఞాపకశక్తి దయచేయండి ప్రభువా" అని అమ్మ వేడుకునేది.

తన వంతు వచ్చాక నాన్న గొంతు సవరించుకుని, "తండ్రీ, డబ్బా నిండుగా ఉన్న చింతపండునే మళ్ళీ తెమ్మనకుండా మా ఇంటికి తృప్తి నేర్పండి" అనేవాడు.

నేను పెదవి కొరుక్కుని కూర్చునేదాన్ని. ఆమేన్ అనగానే అమ్మ ఏమీ జరగనట్టు లేచి కంచాలు పెట్టేది. మర్నాడు చింతపండు వచ్చేది. సరదా మాటలే కాదు, పెద్ద మాటలూ అలాగే నడిచేవి. అమ్మ పుట్టింటి వాళ్ళు ఏదో అన్నారని నాన్న మనసు నొచ్చుకుంటే ఆ సంగతి అమ్మకు చాప మీదే తెలిసింది. నన్ను డిగ్రీకి నెల్లూరు పంపాలా వద్దా అనేది కూడా ఆ చాప మీద, వారం రోజుల ప్రార్థనల్లో తేలింది. కాలేజీలో నా స్నేహితురాళ్ళు వాళ్ళ ఇళ్ళల్లో జరిగే పోట్లాటలు చెబుతుంటే నాకు చెప్పడానికేమీ ఉండేది కాదు. మా ఇంట్లో పోట్లాట ఎలా ఉంటుందో చెబితే వాళ్ళకు అర్థమయ్యేది కాదు.

కిందటేడు వానలు వెనకబట్టిన రోజుల్లో నాన్న జవాబులు తప్పడం మొదలైంది.

దొడ్డి తలుపు బందు ఊడిందని అమ్మ ప్రార్థనలో చెబితే, నాన్న తన వంతులో వేటకు పోయిన పడవల కోసం అడిగి ముగించాడు. చుట్టాల పెళ్ళికి ఇద్దరం కలిసి పోవాలని అమ్మ అడిగితే, ఐసు ఫ్యాక్టరీకి కరెంటు కోతలు లేకుండా చూడమని నాన్న అడిగాడు. మొదట్లో అమ్మ నవ్వుకుంది.

"మీ నాయన ఈ మధ్య డైరెక్టుగా పరలోకంతోనే మాట్లాడతా ఉండాడు. మనం అడ్డం పోకూడదు" అంది నాతో.

తర్వాత నవ్వడం మానేసింది.

ఒకరోజు అమ్మ ప్రార్థిస్తూ ఉండగా నేను తల కొంచెం పైకెత్తి నాన్న వైపు చూశాను. నాన్న కళ్ళు కూడా తెరిచే ఉన్నాయి. ఆయన అమ్మను చూస్తున్నాడు. అమ్మ ప్రార్థనకు కూర్చుంటే పైట చెంగు నుదుటి దాకా లాక్కుని, గడ్డం గుండెకు ఆనేటంత కిందికి వంగుతుంది. ముఖం ఏమాత్రం కనపడదు. నాన్న ఆ ముసుగునే తదేకంగా చూస్తున్నాడు. అమ్మ ఆమేన్ అంది. నాన్న మొదలుపెట్టలేదు. అమ్మ భుజాలు కిందికి జారి, ఆమె కొంచెం కదిలిన తర్వాతే, "మహోన్నతుడవైన తండ్రీ" అని అందుకున్నాడు. అంతలో ఆయన చూపు నా మీద పడింది. ఇద్దరం ఒకేసారి తలలు దించేశాం.

మర్నాడు పొద్దున్నే నాన్న ఇంటి ముందు సైకిలు చెయిన్‌కు నూనె వేస్తున్నాడు. నేను టీ తీసుకెళ్ళాను.

"రాత్రి ఏంది పాపా, ప్రార్థనలో దిక్కులు చూస్తా ఉండావు?"

"నువ్వెందుకు చూస్తా ఉండావు?"

నాన్న నవ్వాడు గాని ఆయన కళ్ళు నా పెదవుల మీదే ఉన్నాయి. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. గ్లాసు ఆయన చేతికిచ్చి, ఇంటి వైపు తిరిగి, "చక్కెర చాలిందా నాన్నా?" అన్నాను. జవాబు రాలేదు. మళ్ళీ అడిగాను. రాలేదు. వెనక్కి తిరిగితే నాన్న నా ముఖం చూసి గ్లాసు కింద పెట్టాడు.

"తెలిసిపోయిందా" అన్నాడు.

ఏళ్ళ తరబడి కంప్రెసరు మోత పక్కన పనిచేసి, ఆయన చెవులు కొంచెం కొంచెంగా మూతపడ్డాయి. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి అందుకోగలడు. అందుకే మాకెవరికీ తెలియలేదు. ఫ్యాక్టరీలో ఆపరేటరు పనంతా వినడమే. కంప్రెసరు శబ్దం కాస్త మారినా పరుగెత్తాలి. నాన్న ఇప్పుడు పైపు మీద అరచెయ్యి ఆనించి ఆ తేడా కనుక్కుంటున్నాడట.

"దాని బాధ నా చేతికి తెలస్తాదిలే. ఏం ఇబ్బంది లేదు. ఈ ప్రార్థన దగ్గరే చిక్కు. అందరూ తలకాయలు దించేస్తారు" అన్నాడు.

"అమ్మకు చెప్పు నాన్నా."

"మీ అమ్మకా! ఈ పొద్దు చెబితే శుక్రవారానికి సంఘమంతా నా చెవుల కోసం మోకాళ్ళేస్తాది. ఓనరు వాళ్ళ వదిన యాడ కూర్చుంటాది? మీ అమ్మ పక్కనే గదా. సాయంత్రానికి నా పని ఊడుతాది."

అది నిజమే. మా అమ్మ చాడీలు చెప్పే మనిషి కాదు. కాని శుక్రవారం ఉపవాస ప్రార్థనలో, "మనవులు ఏమైనా ఉన్నాయా?" అని పాస్టరయ్యగారి భార్య అడగగానే అమ్మ లేచి నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. అవసరాన్ని సంఘానికి చెప్పకుండా దాచుకోవడమంటే దేవుడి చెయ్యి పట్టుకోకుండా వెనక్కి లాక్కోవడమని ఆమె నమ్మకం. మేమందరం అమ్మగారు అని పిలిచే ఆ పాస్టరు భార్య కళ్ళు మూసుకుని ఆ మనవులన్నీ పేరుపేరునా, వివరంగా, మైకులో దేవుడికి విన్నవిస్తుంది. ఊళ్ళో ఎవరికి ఏ జబ్బుందో, ఎవరి కోడలు అలిగి పోయిందో మాకు అలాగే తెలిసేది. నేను పరీక్ష తప్పిన సంగతి కూడా ఊరికి అలాగే తెలిసింది.

"చెప్పబాక పాపా" అన్నాడు నాన్న. నేను తలూపాను.

కొన్నాళ్ళకు అమ్మకు ఒంట్లో బాగాలేకుండా వచ్చింది. నెలనెలా వచ్చేది ఆగకుండా రోజుల తరబడి ఉండేది. అంగన్‌వాడీ నుంచి ఇంటికి వచ్చేలోగా దారిలో ఎవరింటి అరుగు మీదో కూర్చుండిపోయేది. నేనే బలవంతపెట్టి నెల్లూరులో డాక్టరమ్మకు చూపించాను. స్కానింగ్ చేసి, గర్భసంచి తీసేయాలని, ఆలస్యం చేయొద్దని ఆమె చెప్పింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుని, ఊరు వచ్చేదాకా స్కానింగ్ కవరును చెంగులో చుట్టి పట్టుకుంది.

దిగాక అడిగాను. "నాన్నకు చెబుతావా అమ్మా?"

"ప్రార్థనలో పెడతా" అంది.

ఆ సాయంకాలం అమ్మ ప్రార్థన చిన్నగా, మామూలుకన్నా తగ్గు గొంతుతో సాగింది. "తండ్రీ, నా శరీరం సంగతి నీకు తెలుసు. కోసి తీసేయాలంటున్నారు. నాకు భయంగా ఉంది ప్రభువా. నాకు తోడు వచ్చే మనిషికి ఆ మనసు ఇవ్వండి. ఆ మనిషి పోదాం పద అంటే నేను లేచి పోతాను. యేసు నామమున వేడుకుంటున్నాను తండ్రీ, ఆమేన్."

ముసుగు కింద ముఖం కనపడలేదు, నీటి చుక్క ఒకటి చాప మీద పడటం మాత్రం కనిపించింది. నాన్న కొంచెంసేపు ఆగి, ఆమె భుజాలు చూసుకుని, పడవలతో మొదలుపెట్టాడు.

అమ్మ ఎదురుచూసింది. మర్నాడు అదే అడిగింది. ఆ తర్వాత కూడా అడిగింది. డాక్టరమ్మ దగ్గర నుంచి ఫోను వస్తే, "ఇంకా నడిపింపు రాలేదమ్మా, రాంగానే వస్తా" అని చెప్పి పెట్టేసింది. నడిపింపు అంటే ఆమె లెక్కలో నాన్న నోటి నుంచి వచ్చే మాట. అది వచ్చేదాకా ఆమె ఆసుపత్రి గడప తొక్కదని నాకు తెలుసు. రోజురోజుకు ముఖం పాలిపోతోంది.

నాన్నకు నేనెందుకు చెప్పలేదని అడగొచ్చు. మొదట, అమ్మే ఏదో ఒక పూట ఎదురుగా చెబుతుందనుకున్నాను. రెండోది, ఆ మాట నా నోటితో నాన్నకు చెప్పడం నాకు చేతకాలేదు. మందుల షాపులో ప్యాడ్లు కొనడానికి, అక్కడున్న మగవాళ్ళు పోయేదాకా బయట నిలబడే మనిషిని నేను. అందులోనూ మామూలు నాన్నకైతే గొణిగి పారిపోవచ్చు. మా నాన్నకు ఎదురుగా నిలబడి, ముఖంలో ముఖం పెట్టి, పెదవులు విప్పి స్పష్టంగా చెప్పాలి. ఒకరోజు తెగించి, నా వంతు ప్రార్థనలోనే చెప్పేద్దామనుకున్నాను. పొద్దుటి నుంచి మాటలు కూర్చుకున్నాను. తీరా వంతు వచ్చేసరికి అలవాటైన ప్రార్థనే ఒక్క గుక్కలో బయటికి వచ్చేసింది. ఆమేన్ దగ్గరికి వచ్చాక గుర్తొచ్చింది, తల వంచుకుని నేనేం చెప్పినా నాన్నకు వినపడదని.

ఒక సాయంకాలం అమ్మ ప్రార్థన అయ్యాక నాన్న చాలా మనసు పెట్టి ప్రార్థించాడు. ఆ రోజు ఎవరో తెలిసిన మనిషి ఆసుపత్రి పాలయ్యాడని ఫ్యాక్టరీలో చెప్పుకున్నారట. ఆ దిగులుతో అన్నాడు కాబోలు. "తండ్రీ, ఎంతోమంది జబ్బులతో బాధపడతా ఉంటే, ఈ ఇంట్లో ముగ్గురికీ మంచి ఆరోగ్యం ఇచ్చి కాపాడతా ఉన్నందుకు నీకు స్తోత్రం."

అమ్మ లేచింది. ఆమేన్ రాకముందే ప్రార్థనలోంచి లేవడం మా ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు. పైట భుజం మీద వేసుకుని వంటింట్లోకి పోయింది. కదలిక చూసి నాన్న మధ్యలో ఆగిపోయాడు.

"ఏమైంది? కూర మాడతా ఉందా?" అని నన్ను అడిగాడు.

వంటింట్లో నుంచి, అటు తిరిగే, అమ్మ అంది. "ఏం కాలా. ఆరోగ్యంగా ఉండా."

నాన్న నా వైపు చూస్తూనే ఉన్నాడు. నేను బైబిలు తీసి గూట్లో పెట్టేశాను.

మర్నాడు సాయంకాలం అమ్మ చాప పరవలేదు. "ఎవురి ప్రార్థన వాళ్ళు చేసుకోండి" అని కంచాలు పెట్టేసింది. ఆ మర్నాడూ అంతే. చాప చుట్టి తలుపు వెనక నిలబెట్టి ఉంది. నాన్న దాని వైపు చూడటం, నా వైపు చూడటం, అన్నం తిని లేచిపోవడం. పక్కింటి టీవీలో సీరియల్ మాటలు మా ఇంట్లోకి ఇంత స్పష్టంగా వినపడతాయని నాకప్పటిదాకా తెలియదు. అమ్మ ఉప్పు, చేపల మాటలు కూడా తగ్గించింది. అడిగితే చెప్పేది, లేకపోతే లేదు. రాత్రి పడుకునేటప్పుడు గోడ వైపు తిరిగి, పొట్ట పట్టుకుని, పెదవులు కదిపేది.

ఇక లాభం లేదని ఒక మధ్యాహ్నం నాన్న క్యారియరు నేనే తీసుకుని ఐసు ఫ్యాక్టరీకి పోయాను. ఎప్పుడూ పనివాళ్ళెవరో వచ్చి తీసుకుపోతారు. నేను లోపలికి పోవడం చిన్నప్పటి తర్వాత అదే మొదలు. కాళ్ళ కింద తడి, ముక్కులో అమ్మోనియా ఘాటు, చెవులు పగిలే మోత. కంప్రెసరు గదిలో నాన్న పైపు మీద చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. ఆయనతో పనిచేసే ఇంకో మనిషి దూరంగా ఐసు దిమ్మలు లాగుతున్నాడు. ఆ మనిషి నన్ను చూసి ఏదో అన్నాడు. ఒక్క అక్షరం వినపడలేదు. ఆయన నవ్వి, నోరు పెద్దగా తెరిచి మళ్ళీ అన్నాడు. "అన్నమా?" అని పెదవులను బట్టి అర్థమైంది.

అప్పుడు నాకు తట్టింది. ఈ గదిలో అందరూ నాన్నలాంటి వాళ్ళే. నేను ఎంత గట్టిగా చెప్పినా ఇక్కడ నాన్న ఒక్కడికే అందుతుంది.

క్యారియరు కింద పెట్టి ఆయన ఎదురుగా నిలబడ్డాను. నా జన్మలో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

"నాన్నా, అమ్మకు ఆపరేషన్ చెయ్యాలన్నారు. గర్భసంచి తీసేయాలంట. రోజూ ప్రార్థనలో నీకే చెప్తా ఉంది. నువ్వు పోదాం పద అంటేనే పోతాదంట. నువ్వు అనలా. అందుకే చాప వెయ్యడం లేదు."

నేను చెప్పడం అయిపోయాక కూడా నాన్న నా పెదవుల వంకే చూస్తున్నాడు, ఇంకా ఏమైనా ఉందేమో అన్నట్టు. తర్వాత చెయ్యి పైపు మీద నుంచి తీసేశాడు.

"నేను ఆరోగ్యానికి స్తోత్రం చెప్పినానే" అన్నాడు. ఆ మాట నేనూ ఆయన పెదవుల మీదే చదువుకున్నాను.

ఆ మనిషికి మిషను అప్పగించి, క్యారియరు మూత కూడా తీయకుండా, నాతో బయలుదేరాడు. సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. దారిలో ఎవరో పలకరిస్తే ఆయనకు వినపడలేదు. నేనే బదులు చెప్పాను.

అమ్మ దొడ్లో పీట వేసుకుని కవళ్ళ చేపలు శుభ్రం చేస్తోంది. చేతుల నిండా పొలుసు. నాన్న పోయి ఆమె ఎదురుగా గొంతుకూర్చున్నాడు. వేళగాని వేళ ఆయన్ను చూసి అమ్మ చెయ్యి ఆగింది.

"పోదాం పద" అన్నాడు నాన్న.

"యాడికి?"

"ఆసుపత్రికి. నువ్వెప్పుడంటే అప్పుడు."

అమ్మ నా వైపు చూసింది. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను.

"ఇన్నాళ్ళ తర్వాత తెలివొచ్చిందా అయ్యకి? నెత్తీ నోరూ కొట్టుకుని రోజూ అడిగితే పడవలు, పడవలు, పడవలు. పడవల్నే కట్టుకోని ఉండాల్సింది."

"నాకు వినపళ్ళేదు."

"ఆ, వినపడదు. మనసు లేకపోతే ఎట్టా వినపడతాది?"

"మనసు కాదు. చెవులు" అని నాన్న రెండు చేతులూ చెవుల మీద పెట్టుకున్నాడు. "ఇవి పోయినాయి. శానా నెలలయింది. నువ్వు తల దించుకుంటే నాకు ఒక్క ముక్క తెలవదు."

కాకి ఒకటి వచ్చి చేప తలను ఎత్తుకుపోయింది. అమ్మ దాన్ని అదిలించలేదు.

"ఒక్క ముక్క కూడానా?"

"ఒక్క ముక్క కూడా."

"నేను ఏడ్చింది?"

నాన్న తల అడ్డంగా ఊపాడు. అమ్మ చేతిలో కత్తి కింద పెట్టి, మోచేత్తో కళ్ళు ఒత్తుకుంది.

"మరి నాకు చెప్పొద్దా? నేను పరాయిదాన్నా?"

"నీకు చెబితే మైకులో వస్తాదని."

"ఏందీ? నన్ను చూస్తే నీకు సంఘం మైకు మాదిరి కనిపిస్తా ఉండానా?"

"ఉండావు గదా మరి" అన్నాడు నాన్న.

అమ్మ పొలుసు చేత్తోనే ఆయన భుజం మీద ఒక్కటి వేసింది. పొలుసులు చొక్కాకు అంటుకున్నాయి. తర్వాత ఆ చెయ్యి అక్కడే ఉంచి, తల తిప్పుకుని ఏడ్చింది. నేను లోపలికి వచ్చేశాను.

ఆ సాయంకాలం అమ్మ చాప పరిచింది. ఎప్పుడూ నాన్న పక్కన కూర్చునేది, ఆ రోజు ఆయనకు ఎదురుగా, బల్బు వెలుగు ముఖం మీద పడేటట్టు కూర్చుంది. చెంగు పాపిట దాకానే వేసుకుంది. నా వంతు అయింది. అమ్మ తల ఎత్తి, కళ్ళు మూసుకుని, "దయగల తండ్రీ" అంది. అని ఆగిపోయింది. ఒక కన్ను తెరిచి చూసింది.

"అట్టా చూడబాకయ్యా. సిగ్గేస్తా ఉంది. ప్రార్థన రావడం లా."

"చూడకపోతే తెలవదు గదా."

"దేవుడి ముందర ఆ మాటలేంది!" అని అమ్మ నవ్వింది. ప్రార్థన మధ్యలో నవ్వు కూడా మా ఇంట్లో అదే మొదలు. తర్వాత సర్దుకుని, ఒక్కో మాటా విడదీసి, అంగన్‌వాడీ పిల్లలకు పాట నేర్పినట్టు ప్రార్థించింది. పెద్ద పెద్ద మాటలేమీ వాడలేదు. పొడవైన మాటలకు పెదవులు తడబడతాయని తెలుసుకున్నట్టుంది.

నాన్న వంతు వచ్చింది. "తండ్రీ, ఆమెకు భయంగా ఉందంట. నాకూ భయంగానే ఉంది. ఇద్దరం కలిసి పోతాం. నువ్వు మాకన్నా ముందు పోయి ఉండు. ఆమేన్." పడవల మాట ఎత్తలేదు.

శుక్రవారం వచ్చింది. అమ్మతో పాటు నేనూ ఉపవాస ప్రార్థనకు పోయాను. "మనవులు ఏమైనా ఉన్నాయా?" అని అమ్మగారు అడిగింది. అమ్మ లేచి నిలబడింది. ఐసు ఫ్యాక్టరీ ఓనరు వదిన పక్కనే ఉంది. 

"నాకు ఆపరేషన్ ఉంది. దాని కోసం ప్రార్థన చేయండి. ఇంకా మా ఇంటాయన గురించి..." అని అమ్మ నోరు తెరిచి, మూసి, కొంగు నలుపుకుంది. ఏళ్ళ అలవాటు ఆమె గొంతులో అడ్డం పడటం నాకు కనిపిస్తూనే ఉంది. "ఆయన గురించి చెప్పుకోలేని మనవి ఒకటుంది. దేవుడికి తెలుసు" అని గబుక్కున కూర్చుంది.

చెప్పుకోలేని మనవి అంటే మా సంఘంలో ఒకటే అర్థం. సాయంత్రానికల్లా నాన్న తాగుతున్నాడని ఊరంతా తెలిసిపోయింది. మర్నాడు ఫ్యాక్టరీలో, "ఏమన్నా, మాకు చెప్పకుండా ఒక్కడివే పోతా ఉండావంటనే" అని ఆటపట్టించారట. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరయ్యగారు స్వయంగా మా ఇంటికొచ్చి, నాన్న చెయ్యి పట్టుకుని, చాలాసేపు మంచి మాటలు చెప్పి, దగ్గి, ఆగి, "మానేస్తానని ఒక్క మాట అను తండ్రీ" అన్నాడు. నాన్న ఆయన పెదవులు చూసి అన్నీ అందుకుని, చాలా వినయంగా, "మానేస్తానయ్యగారూ" అన్నాడు. ఎప్పుడూ తాగని మనిషి. అయ్యగారు గేటు దాటేదాకా బిగబట్టి, అమ్మ వంటింట్లో కింద కూర్చుని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"నా పరువు పోయింది" అన్నాడు నాన్న.

"పని పోలేదు గదా" అంది అమ్మ.

ఆ తర్వాత కొన్నాళ్ళకు నాన్నే ఓనరుతో తన చెవుల సంగతి చెప్పుకున్నాడు. ఇప్పుడు ఐసు లోడింగు చూస్తున్నాడు. చెవికి మిషను కూడా పెట్టించారు గాని, ఇంట్లో తీసి గూట్లో పెడతాడు. ఎదురుగా కూర్చుంటే సరిపోతుందంటాడు. ఊరికి అన్నీ తెలిశాయి కాబట్టే రాస్తున్నాను. అమ్మ కూడా కోలుకుని మళ్ళీ అంగన్‌వాడీకి పోతోంది. అందుకే ఆపరేషన్ రోజు గురించి ఇంత నింపాదిగా రాయగలుగుతున్నాను.

ఆ రోజు పొద్దున్నే ఆటోలో నెల్లూరు పోయాం. అమ్మ చేత గాజులు తీయించి, ఆకుపచ్చ గౌను తొడిగి, చక్రాల మంచం మీద పడుకోబెట్టారు. జుట్టును గుడ్డ టోపీలోకి తోశారు. ఆ టోపీలో అమ్మ చిన్నపిల్లలా కనిపించింది. థియేటరు తలుపు దగ్గర నర్సు, "త్వరగా చూసుకోండి, డాక్టరుగారు వచ్చేశారు" అంది. చుట్టూ జనం. ఇంకెవరో పేషెంటు తాలూకు మనుషులు, ఫైళ్ళు పట్టుకుని తిరిగేవాళ్ళు, నేల తుడిచే ఆమె. అమ్మ అంతమందిలో గొంతెత్తి ప్రార్థించగలదు, ఆమెకు ఆ బెరుకు లేదు. నాన్న ఆమె ముఖం మీదికి వంగాడు.

"ప్రార్థన చెయ్యి" అన్నాడు.

అమ్మ ఆయన్ను చూస్తూ పెదవులు మాత్రం కదిపింది. గొంతు రానివ్వలేదు. నాన్నకు గొంతుతో పని లేదు కదా. నేను మంచం అంచు పట్టుకుని పక్కనే ఉన్నా నాకొక్క మాట వినపడలేదు. ఏం అడిగిందో, ఏం అప్పగించిందో తెలియదు. నాన్న మధ్యలో రెండుసార్లు తలూపాడు. చివర్లో ఆమేన్ అన్నాడు, పైకే, కొంచెం ఎక్కువ గట్టిగానే. నేల తుడిచే ఆమె తలెత్తి చూసింది.

నర్సు మంచాన్ని తోసింది. చక్రం ఒకటి కిర్రుమంటూ తిరగనంది. ఆ కాస్త ఆలస్యంలో అమ్మ నా చెయ్యి పట్టి లాగి, నన్ను తన ముఖం దగ్గరికి వంచుకుంది. ధైర్యంగా ఉండమంటుందేమో అనుకున్నాను.

"నాయన పక్కనుంచి లేవబాకమ్మే. లోపల్నుంచి పిలిస్తే ఆయనకి వినపడదు."